పార్టీ లేని అభ్యర్థికి పార్టీ పని ఎవరు చేయాలి? పడమటి ప్రకాశం నుంచి ఒక కేస్ స్టడీ

2024 అసెంబ్లీ ఎన్నికల్లో పడమటి ప్రకాశంలోని ఒక నియోజకవర్గం నుంచి స్వతంత్రుడిగా పోటీచేసిన విశ్రాంత ప్రధానోపాధ్యాయుడొకరికి నేను ఎన్నికల ఏజెంటుగా పనిచేశాను. వృత్తిరీత్యా న్యాయవాదిని. అంతకు ముందు పార్టీల అభ్యర్థులకు నామినేషన్, పరిశీలన, లెక్కింపు దశల్లో కాగితం పని చూసిన అనుభవం ఉంది. ఈ అభ్యర్థి గెలవలేదు, డిపాజిట్ కూడా దక్కలేదు. అయినా పార్టీతో నిమిత్తం లేకుండా ఒక మనిషిని ఎన్నికల్లో నిలబెట్టాలనుకునేవాళ్ళకు ఎక్కడెక్కడ ఏ పని ఎదురవుతుందో ఈ కేసు బాగా చూపిస్తుంది కాబట్టి రాస్తున్నాను. వ్యక్తుల పేర్లు, నియోజకవర్గం పేరు కావాలనే ఇవ్వడం లేదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. స్వతంత్ర అభ్యర్థికి లేనిది డబ్బు అనుకుంటారు, కులబలం అనుకుంటారు, పేరు అనుకుంటారు. అవి లేకపోవడం నిజమే గాని, అవన్నీ ఉన్నవాళ్ళు కూడా పార్టీ లేకపోతే ఓడిపోతూనే ఉన్నారు. పార్టీ అంటే జెండా, నాయకుడు మాత్రమే కాదు. ఎన్నికలు లేని రోజుల్లో కూడా ఓటరు జాబితా చూసే మనిషి, బూత్‌లో కూర్చునే మనిషి, లెక్క రాసే మనిషి, పోలీసు స్టేషన్ నుంచి ఫోన్ వస్తే వెళ్ళే మనిషి, వీళ్ళందరూ కలిస్తే పార్టీ. మన ఎన్నికల చట్టం కూడా ప్రతి అభ్యర్థి వెనక అలాంటి మనుషులు ఉంటారన్న లెక్కమీదే నడుస్తుంది. అందువల్ల స్వతంత్రుడికి మద్దతు ఇవ్వడమంటే మైకు పట్టుకోవడం కన్నా ముందు, పార్టీ చేసే పనులు పార్టీ లేకుండా ఎవరు చేస్తారో తేల్చుకోవడం.

నీళ్ళ కమిటీ

కనిగిరి చుట్టుపట్ల ఫ్లోరైడ్ నీళ్ళ సంగతి, ఈ ప్రాంతానికి సాగు, తాగు నీళ్ళు తేవాల్సిన వెలిగొండ ప్రాజెక్టు సంగతి ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. పూల సుబ్బయ్య పేరు పెట్టిన ఆ ప్రాజెక్టుకు 1996లో ఒకసారి, 2004లో మరోసారి శంకుస్థాపన జరిగింది. 2024 మార్చి 6న సొరంగాలను జాతికి అంకితం చేశారు. ఆ తర్వాత పది రోజులకే, మార్చి 16న, ఎన్నికల కోడ్ వచ్చింది. పొలాల్లోకి మాత్రం నీళ్ళు రాలేదు. మా అభ్యర్థి ఉద్యోగ విరమణ చేసినప్పటినుంచి ట్యాంకర్ల నీటి బిల్లులు, మూలపడిన శుద్ధి ప్లాంట్లు, వేసవిలో బోర్ల లోతు, ఇలాంటివాటి మీద అర్జీలు పెడుతూ నాలుగు మండలాల్లో తిరిగిన మనిషి. ఆయన చుట్టూ ఒక కమిటీ ఉంది. దానికి రిజిస్ట్రేషన్ లేదు, రశీదు పుస్తకం లేదు, మినిట్స్ పుస్తకం మాత్రం ఉంది.

కమిటీ నా దగ్గరికి వచ్చినప్పుడు వాళ్ళ మనసులో ఉన్నది అభ్యర్థిత్వం కాదు, నిరసన. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండలో ఫ్లోరైడ్ బాధితుల గోడు ఢిల్లీకి వినిపించాలని వందల మంది నామినేషన్లు వేయగా చివరికి 480 మంది బరిలో నిలిచారు. 2019లో నిజామాబాద్‌లో పసుపు, ఎర్రజొన్న రైతులు అదే దారి పట్టి అభ్యర్థుల సంఖ్యను 185కు చేర్చారు. మా కమిటీవాళ్ళు కూడా ఊరికొకరు చొప్పున నామినేషన్ వేద్దామన్నారు. నేను వద్దన్నాను. ఆ పద్ధతి దేశం దృష్టిని ఒక వారం పాటు తిప్పుతుంది గాని, ఓటరు ముందు పెట్టడానికి ఒక మనిషిని మిగల్చదు. పైగా ఖర్చూ తక్కువ కాదు. నల్గొండ లాంటి ఉదంతాల తర్వాతే పార్లమెంటు 1996లో చట్టం బిగించింది. అసెంబ్లీ డిపాజిట్‌ను 250 రూపాయల నుంచి 5,000కు పెంచింది, గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు (నామినేషన్ మీద సంతకం చేసే ఓటరు) చాలునని, మిగతావారికి పదిమంది కావాలని నిబంధన పెట్టింది. తర్వాతి సవరణతో ఆ డిపాజిట్ 10,000 అయింది, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. అంటే నీళ్ళ కోసం వాళ్ళు చేసిన నిరసన వల్ల వచ్చిన నిబంధనలే ఇప్పుడు నీళ్ళ కోసం నిలబడిన మా అభ్యర్థికి ఎదురయ్యాయి.

కమిటీలో రెండు రాత్రులు వాదన జరిగాక ఒకే అభ్యర్థి, ఒకే గుర్తు అని తేల్చారు.

కాగితం దగ్గరే పడిపోయేవాళ్ళు

నోటిఫికేషన్ ఏప్రిల్ 18న వచ్చింది, నామినేషన్లకు 25 చివరి రోజు, 26న పరిశీలన, 29న ఉపసంహరణ గడువు, మే 13న పోలింగ్. పార్టీ అభ్యర్థికి ఈ వారం రోజుల్లో జిల్లా కార్యాలయం నుంచి లాయర్, ఆడిటర్, పార్టీ టికెట్ ఇచ్చినట్టు చెప్పే బీ ఫారం అన్నీ వస్తాయి. స్వతంత్రుడికి బీ ఫారం బాధ లేదు, అదొక్కటే సుఖం.

పదిమంది ప్రతిపాదకులు ఆ నియోజకవర్గ ఓటర్లే అయి ఉండాలి. వాళ్ళ జాబితా భాగం నంబరు, వరుస నంబరు నామినేషన్ పత్రమైన ఫారం 2బిలో తప్పు లేకుండా రావాలి. చిన్న లేఖన దోషానికి నామినేషన్ తిరస్కరించకూడదని చట్టంలో ఉన్నా, ఆ వాదన రిటర్నింగ్ అధికారి బల్ల ముందు చేయాల్సిన పరిస్థితి రాకుండా చూసుకోవడమే తెలివి. అసలు ప్రమాదం వేరే ఉంది. సంతకం పెట్టిన మనిషి మీద ఊళ్ళో ఒత్తిడి వచ్చి, పరిశీలన రోజున వచ్చి "ఆ సంతకం నాది కాదు" అంటే ఆ పత్రం అక్కడితో పోయినట్లే. ఒక అభ్యర్థి నాలుగు సెట్ల వరకు నామినేషన్ వేయవచ్చు, డిపాజిట్ మాత్రం ఒక్కటే. కాబట్టి వేర్వేరు మండలాల నుంచి, వేర్వేరు కులాల నుంచి, ఒకరికొకరు బంధువులు కాని మనుషులతో ఒక్కో సెట్టూ విడిగా తయారు చేయించాను. వాటిలో ఒకదానికి సంతకం చేసిన కౌలు రైతు ఒకాయన, పొలం యజమాని పిలిపించి మాట్లాడాక, నాకు ఫోన్ చేసి తన పేరు తీసేయమని బతిమాలాడు. ఆయనను ఇబ్బంది పెట్టకుండా ఆ సెట్టు పక్కన పెట్టేశాము, మిగతావి నిలిచాయి.

వేలిముద్ర వేసే ప్రతిపాదకుల విషయం చాలామందికి తెలియదు. సంతకం చేయగలవాళ్ళు ఇంటి దగ్గరే చేయవచ్చు గాని, వేలిముద్ర మాత్రం రిటర్నింగ్ అధికారి ఎదుటనో, ఎన్నికల సంఘం అధికారం ఇచ్చిన అధికారి ఎదుటనో వేయాలి, ఆయన దానిని ధ్రువీకరించాలి. ట్యాంకర్ దగ్గర బిందెల వరుసలో ఎప్పుడూ ముందుండే ఇద్దరు పెద్దామ్మలను కమిటీ పట్టుబట్టి ప్రతిపాదకులుగా పెట్టింది. వాళ్ళను ఆఫీసుకు తీసుకువెళ్ళి, గుమాస్తా జాబితాలో వాళ్ళ వరుస నంబరు మీద స్కేలు పెట్టి చూసేదాకా బెంచీ మీద కూర్చోబెట్టాము. ఇంకు ప్యాడ్ ముందుకు జరపగానే ఒకామె "పింఛనుకు గూడా ఇదే యేలు, నాయనా, అరిగిపోయింది, పడదు" అంది. నిజంగానే మొదటిసారి గీతలు పడలేదు. అధికారి ఓపిగ్గా రెండోసారి వేయించుకున్నారు.

ఆస్తులు, అప్పులు, కేసుల వివరాలిచ్చే ఫారం 26 అఫిడవిట్‌లో ఒక్క గడి కూడా ఖాళీ వదలకూడదు. ఖాళీ గడులున్న అఫిడవిట్‌ను నోటీసు ఇచ్చిన తర్వాతా నింపకపోతే తిరస్కరించవచ్చునని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. వర్తించని చోట గీత గీసి ఊరుకోకుండా "లేదు" అనో "వర్తించదు" అనో రాయాలి. నామినేషన్ వేశాక, పరిశీలన తేదీ కన్నా ముందే ప్రమాణం చేయాలి. ఎన్నికల ఖర్చుకు కొత్త బ్యాంకు ఖాతా నామినేషన్‌కు కనీసం ఒకరోజు ముందు తెరవాలి. దానిని అభ్యర్థి పేరుతో గాని, అభ్యర్థి, ఎన్నికల ఏజెంటు ఇద్దరి పేరుతో గాని తెరవచ్చు. ఒక బ్యాంకు శాఖలో ఎన్నికల ఖాతా అంటే ఏమిటో తెలియదని రెండు రోజులు తిప్పారు. అదృష్టవశాత్తూ మేము ముందే మొదలుపెట్టాము.

ఇందులోకెల్లా అభ్యర్థిని నొప్పించినది ఇంకొకటి ఉంది. ఏళ్ళ కిందట తాగునీటి కోసం రోడ్డు మీద బైఠాయించినప్పుడు పెట్టిన కేసు ఒకటి ఆయన మీద ఇంకా పెండింగులో ఉంది. పెండింగు క్రిమినల్ కేసులున్న అభ్యర్థి ఆ వివరాలను ప్రచార కాలంలో మూడుసార్లు పత్రికల్లోనూ, టీవీలోనూ ప్రకటించాలని 2018 నుంచి నిబంధన. ఆ ఖర్చు కూడా ఎన్నికల ఖర్చు కిందికే వస్తుంది. "నీళ్ళడిగిన కేసును నేరమని నేనే డబ్బులిచ్చి అచ్చేయించుకోవాలా, వకీలు గారూ?" అని అడిగారు. అవునన్నాను. ఆ నిబంధన ఉద్దేశం మంచిదే, కాని హత్యాయత్నానికీ రాస్తారోకోకూ ప్రకటన ఒకే సైజులో పడుతుంది. మేము ఆ ప్రకటననే జిరాక్స్ తీయించి, కేసు ఎందుకు వచ్చిందో కింద ఒక పేరా కలిపి, కరపత్రంగా పంచాము. కరపత్రం మీద ముద్రించినవారి, ప్రచురించినవారి పేర్లు, చిరునామాలు తప్పనిసరి. ప్రెస్సువాళ్ళు పార్టీల పని ఒత్తిడిలో అది మరచిపోతారు, మనమే చూసుకోవాలి.

గుర్తుకు పన్నెండు రోజులు

స్వతంత్రుడు నామినేషన్‌లోనే ఫ్రీ సింబల్స్ (ఏ పార్టీకీ ప్రత్యేకించని గుర్తులు) జాబితా నుంచి మూడు గుర్తులను వరుస ప్రకారం కోరుకోవాలి. మా అభ్యర్థి పంతులు కాబట్టి మొదట నల్లబల్ల, తర్వాత బకెట్, మూడోది బావి అని రాశాము. 29వ తేదీ మధ్యాహ్నం ఉపసంహరణ గడువు ముగిశాక గుర్తుల కేటాయింపు జరిగింది. నల్లబల్లను ఇంకో స్వతంత్రుడు కూడా కోరడంతో చీటీలు వేశారు, మాకు రాలేదు. బకెట్‌ను గుర్తింపు లేని ఒక రిజిస్టర్డ్ పార్టీ అభ్యర్థి అడిగారు. అలాంటి పోటీలో స్వతంత్రుడి కన్నా ఆ పార్టీ అభ్యర్థికే ముందు ఇవ్వాలని 1968 నాటి గుర్తుల ఉత్తర్వు చెబుతుంది. చివరికి బావి మిగిలింది. "బావిలో దూకమంటారా మాస్టారూ" అని ఊరూరా నవ్వారు. ఆ నవ్వు మాకు మేలే చేసింది, గుర్తు మనసులో నిలిచింది.

ఏప్రిల్ 29 సాయంత్రం గుర్తు చేతికి వచ్చింది, మే 11 సాయంత్రానికి ప్రచారం ముగిసింది. సైకిలుకు, ఫ్యానుకు, కమలానికి ఏళ్ళ తరబడి జనం కళ్ళలో చోటుంది. మాకు దొరికినది ఈ పన్నెండు రోజులే. దీనికి తోడు బ్యాలెట్ మీద పేర్ల వరుస కూడా సమానం కాదు. ముందు గుర్తింపు పొందిన పార్టీల అభ్యర్థులు, తర్వాత రిజిస్టర్డ్ పార్టీలవాళ్ళు, ఆ తర్వాత స్వతంత్రులు, ఒక్కో వర్గంలో అక్షర క్రమం. చివరన నోటా. అందువల్ల మేము పైనుంచి ఎన్నో నంబరు అని చెప్పకుండా "నోటా పైన చూసుకుంటూ రండి" అని చెప్పాము. కళ్ళు సరిగా కనబడని ముసలివాళ్ళకు అది బాగా పనిచేసిందని బూతుల నుంచి మా ఏజెంట్లు చెప్పారు.

గుర్తుల గందరగోళం పార్టీలకూ తప్పలేదు. 2019లో ప్రజాశాంతి పార్టీ హెలికాప్టర్ తమ ఫ్యానులాగా ఉందని వైఎస్సార్ కాంగ్రెస్ ఫిర్యాదు చేసింది. 2024లో గాజు గ్లాసును కొన్నిచోట్ల ఇతరులకు కేటాయించినందుకు జనసేన హైకోర్టుకు వెళ్ళింది. ఈ రెండు ఉదంతాల వల్ల సామాన్య ఓటరు మనసులో స్వతంత్రుడంటే ఇంకొకరి ఓట్లు చీల్చడానికి నిలబెట్టిన మనిషేనన్న అనుమానం స్థిరపడింది. అదే మాకు ప్రచారంలో అన్నిటికన్నా పెద్ద అడ్డంకి.

"మిమ్మల్ని ఎవరు నిలబెట్టారు?"

ఏ ఊరికి వెళ్ళినా మొదటి ప్రశ్న ఇదే. రెండో ప్రశ్న, "ఎవరి ఓట్లు చీల్చడానికి?" మూడోది, "గెలిస్తే ఎందులో కలుస్తారు?" నీళ్ళ గురించి అడిగేవాళ్ళు ఈ మూడూ దాటాకే అడిగేవారు.

అనుమానానికి కారణాలున్నాయి. పేరును పోలిన పేరుతో డమ్మీని నిలబెట్టడం, ఉపసంహరణ రోజుకు బేరం కుదుర్చుకోవడం జనం చూసినవే. గెలిచినవాళ్ళను చూసినా అంతే. 2004లో దర్శి నుంచి బూచేపల్లి సుబ్బారెడ్డి స్వతంత్రుడిగా గెలిచారు. 2014లో చీరాల నుంచి ఆమంచి కృష్ణమోహన్ నవోదయం పార్టీ పేరుతో, పిఠాపురం నుంచి ఎస్‌వీఎస్ఎన్ వర్మ స్వతంత్రుడిగా గెలిచారు. ఆమంచి అంతకు ముందు కాంగ్రెస్ ఎమ్మెల్యే, వర్మ టికెట్ దక్కని తెలుగుదేశం నాయకుడు. అంటే ప్రధాన పార్టీల బయట గెలిచినవాళ్ళు కూడా ఆ పార్టీల్లో పెరిగి, కార్యకర్తలను వెంటబెట్టుకుని బయటికి వచ్చినవాళ్ళే. 2019లో, 2024లో 175 స్థానాల్లో ఒక్క స్వతంత్రుడూ గెలవలేదు.

మూడో ప్రశ్నకు మాత్రం చట్టంలోనే సమాధానం ఉంది. స్వతంత్రుడిగా గెలిచిన సభ్యుడు ఆ తర్వాత ఏ పార్టీలో చేరినా, ఫిరాయింపులను నిషేధించే రాజ్యాంగం పదో షెడ్యూలు ప్రకారం సభ్యత్వం పోతుంది. పార్టీ మారిన సభ్యుడికి విలీనం అనే సందు ఉంది గాని, స్వతంత్రుడికి ఆ సందు కూడా లేదు. దీనిని కరపత్రంలో వేశాము. కాని స్పీకర్ నిర్ణయం తీసుకునేదాకా ఆ నిబంధన కాగితం మీదే ఉంటుందని మన ఓటర్లకు తెలుసు. ఆ మాటే ఒక రచ్చబండ దగ్గర నాకు అప్పజెప్పారు.

ఒక ఎస్సీ కాలనీలో ఒకామె అడిగిన ప్రశ్న వీటన్నిటికన్నా బరువైనది. "మాస్టారూ, మీరు మంచోళ్ళే. గెలిచినా ఒక్కరే గదా. రేపు నా కొడుకును స్టేషన్లో కూర్చోబెడితే మీరు ఫోన్ చేస్తే ఎస్సై ఎత్తుతాడా?" ఆమె అడిగినది అవినీతికి సంబంధించినది కాదు, రక్షణకు సంబంధించినది. పార్టీకి ఓటు వేసే మనిషి ఒక సిద్ధాంతానికి మాత్రమే వేయడు. ఆపదలో పలికే ఒక గొలుసుకు, బూత్ లీడర్ నుంచి మండల నాయకుడి దాకా ఉండే గొలుసుకు వేస్తాడు. మా అభ్యర్థి ఆమెకు నిజాయితీగానే జవాబిచ్చారు: ఎస్సై ఎత్తకపోతే తాను నేరుగా స్టేషన్‌కు వస్తానన్నారు. ఆమె తల ఊపింది. ఓటు వేసిందని నేను అనుకోను, తప్పు పట్టను కూడా.

డబ్బు, లెక్క

అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు. మేము ఆ పరిమితి దరిదాపులకు కూడా పోలేదు. కాని తక్కువ ఖర్చు పెట్టేవాడికి లెక్క తేలిక అనుకోవడం పొరపాటు. పార్టీకి విరాళం ఇచ్చినవారికి ఆదాయపు పన్నులో మినహాయింపు ఉంది, పార్టీ ఆదాయానికి కూడా మినహాయింపు ఉంది. స్వతంత్రుడికి ఇచ్చినవారికి ఏ మినహాయింపూ లేదు. పైగా బంధువులు కానివారి నుంచి ఏడాదిలో వచ్చిన మొత్తం 50,000 రూపాయలు దాటితే అది అభ్యర్థి ఆదాయంగా పన్నుకు లోబడుతుందని మా ఆడిటర్ హెచ్చరించారు. పార్టీ ముఖ్య నాయకుల విమాన ప్రయాణం, హెలికాప్టర్ ఖర్చు అభ్యర్థి లెక్కలోకి రాదు. మా అభ్యర్థి తోడల్లుడి మోటారు సైకిలు పెట్రోలు మాత్రం లెక్కలోకి వచ్చింది.

హైదరాబాద్‌లో భవన నిర్మాణ పనుల్లో మేస్త్రీలుగా ఉన్న మావాళ్ళు కొందరు తమ సొంత డబ్బుతో ఫ్లెక్సీలు వేయించి పంపుతామన్నారు. మద్దతుదారులు తెలియక చిక్కుకునేది ఇక్కడే. అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా ఆయన గెలుపు కోసం బయటివాళ్ళు ఖర్చు పెట్టడం నేరం. అప్పటికి ఐపీసీ 171హెచ్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలోనూ అదే నేరం ఉంది. అనుమతి ఇస్తే ఆ ఖర్చు అభ్యర్థి లెక్కలో పడుతుంది. వాళ్ళకు అనుమతి పత్రం పంపి, బిల్లు వాట్సాప్‌లో తెప్పించుకుని, అసలు కాగితం బస్సు డ్రైవర్ చేత అందుకుని రిజిస్టర్‌లో ఎక్కించాము.

రిజిస్టర్‌లో మూడు భాగాలుంటాయి: రోజువారీ ఖర్చుకు తెల్లకాగితం, నగదుకు గులాబీ, బ్యాంకుకు పసుపు. ఎన్నికల సంఘం పంపే ఖర్చుల పరిశీలకుడి ముందు ప్రచార కాలంలో మూడుసార్లు చూపించాలి. ఒక పాఠశాల పూర్వ విద్యార్థి ఉచితంగా ఇచ్చిన షామియానా, కుర్చీలకు కూడా జిల్లా యంత్రాంగం ప్రకటించిన రేటు ప్రకారం విలువ కట్టి రాయాలి. ఎన్నికల సిబ్బంది మా ఖర్చును తాము విడిగా రాసుకునే నీడ రిజిస్టర్‌లో మా ర్యాలీకి వచ్చిన బండ్లన్నిటినీ అద్దె బండ్లుగా రాశారు. మేము ఒక్కో బండి యజమాని రాసిచ్చిన కాగితం చూపించి ఆ తేడాను తగ్గించుకున్నాము. ఈ పనికి కమిటీలో ఎరువుల దుకాణంలో గుమాస్తాగా చేసే కుర్రాడిని పెట్టాము. ప్రచారంలో ఒక్కరోజు కూడా మైకు దగ్గర కనిపించని ఆ కుర్రాడే నా దృష్టిలో మా బృందంలో అతి విలువైన కార్యకర్త.

ఫలితాలు వచ్చిన 30 రోజుల్లో లెక్క దాఖలు చేయకపోతే మూడేళ్ళ అనర్హత పడవచ్చు. ఓడిపోయాక స్వతంత్రులు ఆ గడువు మరచిపోవడం మామూలే. జూన్ 4న ఫలితం, జూలై 4 గడువు. మేము వారం ముందే ఇచ్చి రశీదు తీసుకున్నాము.

పోలింగ్ బూత్‌లు

ఇక అసలు విషయం. నియోజకవర్గంలో పోలింగ్ కేంద్రాలు రెండు వందల యాభైకి పైనే. మాకు ఏజెంట్లు దొరికినది వాటిలో మూడో వంతుకు. మా ఏజెంట్లు ఉన్న బూతులకూ లేని బూతులకూ వచ్చిన ఓట్లలో తేడా లెక్కింపు రోజున చూస్తే స్పష్టంగా కనిపించింది. ఇందులో కొంత మనుషులున్న చోటే ఆదరణ ఉండటం వల్ల వచ్చిన తేడా, కాబట్టి ఏజెంటు వల్లే ఓట్లు వచ్చాయని నేను అనను. ఏజెంటు లేని చోట మాత్రం ఓట్లు రాలేదు.

ఏజెంటు దొరకకపోవడానికి భయం ఒక్కటే కారణం కాదు. పార్టీలకు ఏడాది పొడవునా బూత్ స్థాయి ఏజెంట్లు ఉంటారు. వాళ్ళను నియమించే అవకాశం గుర్తింపు పొందిన పార్టీలకే ఉంది. జాబితా సవరణ సమయంలో ఫారం 6తో చేర్పించేదీ, ఫారం 7తో తీయించేదీ, బూత్ అధికారితో కలిసి ఇల్లిల్లూ తిరిగేదీ వాళ్ళే. 2024 జనవరి 22న తుది జాబితా వచ్చేనాటికి ఆ పని అయిపోయింది. ఎన్నికల్లో జాబితా ప్రతులు కూడా గుర్తింపు పొందిన పార్టీల అభ్యర్థులకే ఉచితం, మేము కొనుక్కున్నాము. మా కమిటీ జనవరి తర్వాత మేల్కొన్నది. ఫ్లోరైడ్‌తో వంగిపోయి కదలలేని ఒక మనిషి పేరు తొలగించి ఉండటం మేము ఏప్రిల్‌లో గాని చూడలేదు.

వలసల సంగతి ఇంకొకటి. ఈ మండలాల నుంచి హైదరాబాద్, బెంగళూరు వెళ్ళినవాళ్ళు వేల సంఖ్యలో ఉంటారు. పోలింగ్‌కు ముందు రోజు వాళ్ళను దింపిన బస్సులు ఎవరివో చెప్పనక్కర్లేదు. ఓటర్లకు వాహనం సమకూర్చడం అవినీతి చర్య కిందికి వస్తుంది. మేము ఆ పని చేయలేదు, చేయగలిగే స్థితిలోనూ లేము. చివరి రెండు రాత్రుల డబ్బు పంపిణీ గురించి రాస్తే ఈ వ్యాసం ఆ కథే అవుతుంది కాబట్టి వదిలేస్తున్నాను.

పోలింగ్ రోజు ఉదయం ఏడింటికి మొదలయ్యే ఓటింగుకు గంటన్నర ముందే మాక్ పోల్, అంటే యంత్రాన్ని సరిచూసే నమూనా ఓటింగు, ఉంటుంది. మా ఏజెంట్లు అప్పటికి వెళ్ళాలని, ముగిశాక పోలైన ఓట్ల లెక్క ఉండే ఫారం 17సి ప్రతి తీసుకోకుండా కదలవద్దని శిక్షణ ఇచ్చాము. ఒక బూత్‌లో మా ఏజెంటుగా కూర్చున్న డిగ్రీ విద్యార్థినిని "నీకెందుకమ్మా, ఇంటికి పో" అని సాయంత్రం ఇద్దరు నచ్చజెప్పబోతే, ఆమె తన నియామక పత్రమైన ఫారం 10 తీసి చూపించి, ప్రిసైడింగ్ అధికారి సంతకం పెట్టిన 17సి చేతికి వచ్చేదాకా కుర్చీ వదలలేదు. అప్పటికి బాగా రాత్రయింది.

ఒంగోలు దగ్గర జరిగిన లెక్కింపుకు అన్ని బల్లలకూ ఏజెంట్లను పెట్టలేకపోయాము. చెల్లిన ఓట్లు రెండు లక్షలుంటే డిపాజిట్ దక్కడానికి 33,334 ఓట్లు రావాలి. మేము దానికి చాలా దూరంలో ఆగిపోయాము. అభ్యర్థి సొంత మండలంలోని కొన్ని ఊళ్ళలో మాత్రం రెండో స్థానంలో ఉన్నాము.

మా జిల్లాల్లోనే ఉన్న మరో నమూనా

పార్టీ బయటివాళ్ళు గెలవలేరన్న మాటకు ప్రకాశం, నెల్లూరు, చిత్తూరు జిల్లాల పట్టభద్రుల, ఉపాధ్యాయుల శాసనమండలి స్థానాలు సమాధానం చెబుతాయి. యండపల్లి శ్రీనివాసులు రెడ్డి, విఠపు బాలసుబ్రహ్మణ్యం ప్రధాన పార్టీల టికెట్ లేకుండా, ఉపాధ్యాయ సంఘాల మద్దతున్న ప్రోగ్రెసివ్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) అభ్యర్థులుగా గెలిచారు. ఆ ఎన్నికల స్వభావం వేరు: ఓటర్లు తక్కువ, ప్రాధాన్య ఓటు పద్ధతి, జాబితాను ప్రతిసారీ కొత్తగా తయారు చేయాలి. ఫారం 18, ఫారం 19 నింపించి ఓటర్లను చేర్పించేవాడికే సగం ఎన్నిక. ఉపాధ్యాయ సంఘాలకు ప్రతి మండలంలో శాఖ ఉంది, చందా ఉంది, బదిలీలప్పుడు, సర్వీసు సమస్యలప్పుడు పలికే మనిషి ఉన్నాడు. ఎస్సీ కాలనీలో ఆమె అడిగిన గొలుసు అక్కడ ఉపాధ్యాయుల వరకు ఉంది. 2023లో పట్టభద్రుల స్థానం తెలుగుదేశానికి వెళ్ళింది, అంటే ఆ గొలుసును కూడా పెద్ద పార్టీ దాటగలదు. అయినా మద్దతుదారులు చదువుకోవలసిన నమూనా అదే తప్ప సినిమా తారల పార్టీలు కాదు.

స్వతంత్రులను పోటీ నుంచే తప్పించాలని లా కమిషన్ 2015లో 255వ నివేదికలో సిఫారసు చేసింది. బ్యాలెట్ పొడుగు, డమ్మీలు అన్న కారణాలు నిజమైనవే. కాని డమ్మీని నిలబెట్టే పార్టీని వదిలి, నిలబడే హక్కును తీసేయడం నాకు సమ్మతం కాదు. 1952లో తొలి లోక్‌సభకు 37 మంది స్వతంత్రులు వెళ్ళారు, 2024లో ఏడుగురు. సంఖ్య దానంతటదే తగ్గిపోయింది, నిషేధం అక్కర్లేదు.

ఇప్పుడు కమిటీ చేస్తున్నది

ఎన్నికల తర్వాత కమిటీలో మళ్ళీ అసెంబ్లీకి ఎవరు అన్న చర్చ వెంటనే మొదలైంది. ఆ చర్చను ఆపమన్నాను. పంచాయతీ ఎన్నికలు మన రాష్ట్రంలో చట్టప్రకారం పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి. పార్టీలు వెనక ఉంటాయన్నది వేరే సంగతి. మా వాళ్ళు రెండో స్థానంలో నిలిచిన ఊళ్ళలో వార్డు సభ్యులుగా, సర్పంచులుగా నిలబడటం అసెంబ్లీ కన్నా ముందు జరగాల్సిన పని. కమిటీని సొసైటీగా రిజిస్టర్ చేయించాము, చందాకు రశీదు పుస్తకం వచ్చింది. అభ్యర్థి మాత్రం మళ్ళీ నిలబడనని చెప్పేశారు. అర్జీలు రాయడం ఆపలేదు.

లెక్కింపు రోజున తెచ్చుకున్న అంకెలు, మా ఏజెంట్ల దగ్గరున్న 17సి ప్రతులు కలిపి ఒక్కో పోలింగ్ కేంద్రానికి ఒక పేజీ చొప్పున పుస్తకం కట్టించాను. పేజీలో పైన వచ్చిన ఓట్లు, కింద మూడు గడులు: జాబితా చూసే మనిషి, ఏజెంటుగా కూర్చునే మనిషి, స్టేషన్‌కైనా ఆసుపత్రికైనా అర్ధరాత్రి వెళ్ళే మనిషి. మూడింట రెండు వంతుల పేజీల్లో ఈ గడులు నిండేదాకా వచ్చే ఎన్నికకు అభ్యర్థి పేరు చర్చించకూడదన్న నా షరతుకు కమిటీ ఒప్పుకుని మినిట్స్‌లో రాసుకుంది. ప్రస్తుతానికి నిండిన పేజీలు సగం దాటలేదు. మిగతావాటిని మండలానికి ఇద్దరు చొప్పున పంచుకున్నారు.